ఈసీజీ నార్మల్.. అయినా రాత్రిళ్లు గుండె దడ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 54. బరువు 92 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ మాత్రలు వాడుతున్నాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.6 వచ్చింది. నెల రోజులుగా రాత్రిళ్లు ఉన్నట్టుండి గుండె దడదడలాడి, పావుగంటకు తగ్గిపోతోంది. ఈసీజీ నార్మల్ అన్నారు. లావుకూ షుగర్‌కూ దీంతో సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఉంది. ముందు ఈసీజీ సంగతి. అందులో నమోదయ్యేది పది సెకన్లే. దడ లేనప్పుడు తీస్తే నార్మల్‌గానే రావచ్చు. మీ వయసు, బరువు, షుగర్, బీపీ కలిపి చూస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందేమో తేల్చుకోవాలి. అంటే గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా అదురుతుండటం.

మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 32.6. మనవాళ్లకు 25 నుంచే ఊబకాయం కింద లెక్క. పొట్టలో పేరుకున్నట్టే గుండె మీదా కొవ్వు పేరుకుంటుంది. దానికీ గుండె కండరానికీ నడుమ అడ్డుపొర ఉండదు. అందుకే ఆ కొవ్వు నుంచి వెలువడే ఐఎల్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) రసాయనాలు నేరుగా కండరంలోకి ఇంకుతాయి. అదుపు తప్పిన షుగరేమో కణాల్లో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే వాపు స్విచ్ వేసి ఐఎల్-1 బీటా అనే మరో వాపు రసాయనాన్ని పుట్టిస్తుంది. ఈ వాపుకు నొప్పి ఉండదు. ఏళ్ల తరబడి సాగితే కండరం నడుమ నారలాంటి మచ్చలు ఏర్పడతాయి. గుండెలోని కరెంటు వాటి దగ్గర దారి తప్పి సుడి తిరుగుతుంది.

ఈసారి దడ రాగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే అది లో షుగర్ దడ కావచ్చు. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర, ఇన్సులిన్ వాడేవారిలో కనిపిస్తుంటుంది. వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. షుగర్ బాగానే ఉంటే నాడి పట్టండి. మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిమిషం నిండా లెక్కపెట్టండి. వేగంగా ఉన్నా సమంగా పడటం వేరు, ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా వరసా వాయీ లేకుండా పడటం వేరు. రెండోదైతే దడ ఉండగానే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. అప్పుడూ చిక్కకపోతే హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఈసీజీ నమోదు చేసే చిన్న యంత్రం) పెట్టించుకోవాలి. ఎకో (గుండె స్కాన్), థైరాయిడ్, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) కూడా చూడాలి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందేమో ఇంట్లోవాళ్లను అడగండి. రాత్రి దడకు అదో పెద్ద కారణం.

ఫిబ్రిలేషన్ అని తేలితే, మీకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి కాబట్టి పక్షవాతం రాకుండా రక్తం గడ్డకట్టనివ్వని మందు వాడాల్సి వస్తుంది. ఆస్పిరిన్ దానికి బదులు కాదు.

బరువు తగ్గడం కూడా ఇక్కడ వైద్యమే. ఫిబ్రిలేషన్ ఉన్నవారిపై ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, 10 శాతం బరువు తగ్గినవారిలో లయ నిలకడగా ఉండే అవకాశం మిగతావారి కన్నా దాదాపు ఆరు రెట్లు కనిపించింది. మీ లెక్కన అది 9 కిలోలు. రాగిదే కదా అని సంగటి రెండు ముద్దలు తినకండి, అందులో బియ్యమూ ఉంటుంది. చిన్న ముద్ద ఒకటి చాలు, పప్పు, ఆకుకూర ఎక్కువ వేసుకోండి. ఉగ్గానితో బజ్జీలు మానేయండి. షుగర్ మాత్రలు మాత్రం సొంతంగా పెంచుకోవద్దు. లో షుగర్ కూడా లయను చెడగొడుతుంది.

దడతో పాటు ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.