పాఠకుల ప్రశ్నలు: ప్రభుత్వ శాఖల పద్దులపై చట్టసభల అదుపు

బడ్జెట్ సమావేశాల నేపథ్యంలో పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో అన్నింటినీ కలిపే సందేహం ఒకటి ఉంది: మంత్రులు, అధికారులు పెట్టే ఖర్చును ఎన్నికైన సభ్యులు నిజంగా నిలదీయగలరా? అందువల్ల ఈసారి శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: సమావేశాల చివరి రోజున పదుల కొద్దీ పద్దులను, అంటే శాఖల ఖర్చుకు ప్రభుత్వం అడిగే మొత్తాలను, సభ మూజువాణి ఓటుతో ఒక్క సాయంత్రంలో ఆమోదించేస్తుంది. మెజారిటీ ఉన్న ప్రభుత్వానికి అడిగినదంతా ఎలాగూ దక్కుతుంది కదా, ఇక ఈ తతంగం దేనికి? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

మీరు గమనించినది నిజమే. పద్దుల చర్చకు కేటాయించిన రోజులు ముగిసేసరికి మిగిలిపోయిన వాటన్నింటినీ స్పీకర్ చర్చ లేకుండానే ఓటుకు పెడతారు. సభా పరిభాషలో దీన్ని గిలెటిన్ అంటారు. 2018 మార్చిలోనైతే లోక్‌సభ కేంద్ర శాఖల పద్దుల్లో ఏ ఒక్కదానిపైనా చర్చ జరపకుండానే అన్నింటినీ ఆమోదించింది.

అయినప్పటికీ ఆ ఓటును వట్టి తంతుగా కొట్టివేయలేం. చట్టం అనుమతించిన మేరకు తప్ప సంచిత నిధి, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానా, నుంచి ఒక్క రూపాయి కూడా తీయరాదని రాజ్యాంగంలోని 266వ అధికరణ చెబుతుంది. రాష్ట్రాల విషయంలో 203వ అధికరణ ప్రకారం ప్రతి పద్దునూ సభ అంగీకరించవచ్చు, నిరాకరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం మాత్రం దానికి లేదు. ఆ తరువాత 204వ అధికరణ కింద, ఆ డబ్బును ఖజానా నుంచి తీయడానికి అనుమతించే ద్రవ్య వినిమయ చట్టం వస్తుంది. గవర్నరు జీతభత్యాలు, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, అప్పులపై వడ్డీ వంటి ఖర్చులపై సభ చర్చించవచ్చు గానీ, వాటికి ఓటింగ్ ఉండదు. అప్పులు పెరిగేకొద్దీ ఓటుకు అందని ఈ భాగం కూడా పెరుగుతుందన్న సంగతిని సభ్యులు అంతగా పట్టించుకోరు.

ఈ ఓటుతో ఏ శాఖ, ఏ పనికి, ఏ ఆర్థిక సంవత్సరంలో, ఎంత మించకుండా ఖర్చు చేయాలన్నది చట్టరూపంలో నమోదవుతుంది. ఏడాది గడిచాక ఆడిటర్లు శాఖల లెక్కలను పోల్చి చూసేది ఈ చట్టంతోనే. అందువల్ల ఓటు వేసిన సాయంత్రం కంటే, లెక్కలు తేలిన తరువాతే ఆ ఓటు విలువ తెలుస్తుంది.

చర్చ జరిగే పద్దులపై సభ్యులు కోత తీర్మానాలు ఇవ్వవచ్చు. పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని కోరితే ఆ శాఖ విధానాన్నే వ్యతిరేకిస్తున్నట్లు అర్థం. వంద రూపాయలు తగ్గించాలని కోరితే ఏదో ఒక నిర్దిష్ట ఫిర్యాదును సభ ముందుకు తెస్తున్నట్లు అర్థం. అవి నెగ్గడం అరుదు, నెగ్గితే ప్రభుత్వం విశ్వాసం కోల్పోయినట్లే లెక్క. పార్లమెంటులో 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘాలు పనిచేస్తున్నాయి. మొదట 17గా ఉన్న వీటి సంఖ్య 2004లో 24కు పెరిగింది. సభలో గిలెటిన్ పాలయ్యే పద్దులను కూడా ఈ సంఘాలు అధికారులను పిలిపించి, వివరంగా పరిశీలిస్తాయి. కేరళ శాసనసభ ఇటువంటి ఏర్పాటును 1980లోనే చేసుకుంది. చాలా రాష్ట్రాల్లో ఈ దశ బలహీనంగా ఉంది, నా దృష్టిలో బడ్జెట్ ప్రక్రియలోని పెద్ద లోటు ఇదే.

ప్రశ్న: సభ్యుడు అడిగిన ప్రశ్నకు మంత్రి "పరిశీలిస్తాం" అని కూర్చుంటారు. దానితో ఆ విషయం ముగిసినట్లేనా? (ఒక డిగ్రీ విద్యార్థిని)

నియమాల ప్రకారం ముగియదు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు మౌఖిక సమాధానానికి, 230 ప్రశ్నలు రాతపూర్వక సమాధానానికి జాబితాలో చేరతాయి. మౌఖిక సమాధానం తరువాత సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు, శాఖ రాసిచ్చిన కాగితం మంత్రికి అక్కరకు రానిది అక్కడే. 1957 డిసెంబరులో జీవిత బీమా సంస్థ వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాల్లో పెట్టిన కోటి రూపాయలకు పైబడిన పెట్టుబడిని ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో నిలదీశారు. ఆయన అధికార పక్ష సభ్యుడే. దానిపై జస్టిస్ చాగ్లా విచారణ జరిపారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఇక "పరిశీలిస్తాం" అన్న మాట సంగతి. "విషయం పరిశీలనలో ఉంది", "విచారించి సభకు తెలియజేస్తాను" వంటి వాక్యాలను హామీలుగా లెక్కించాలని పార్లమెంటులో ఒక జాబితాయే ఉంది. అటువంటి ప్రతి హామీని సాధారణంగా మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చారో లేదో హామీల కమిటీ చూస్తుంది. మన శాసనసభల్లోనూ హామీల కమిటీలు ఉన్నాయి. గడువు పొడిగించమని కోరుతూ శాఖలు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూ పోవడం కూడా ఈ వ్యవస్థలో భాగమైపోయిందనుకోండి. అయినా అడిగిన సభ్యుడు వదలకుండా వెంటపడితే ఆ మాట శాఖ మెడకు చుట్టుకునే ఉంటుంది.

ప్రశ్న: కాగ్ నివేదిక సభ ముందుకు వచ్చిన రోజున పత్రికల్లో పతాక శీర్షికలు వస్తాయి, తరువాత ఎవరూ మాట్లాడరు. ఆ నివేదిక ఏమవుతుంది? (ఒక ప్రభుత్వ ఉద్యోగి)

అసలు పని మొదలయ్యేది పత్రికలు మాట్లాడటం మానేసిన తరువాతే. రాష్ట్ర లెక్కలపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) ఇచ్చే నివేదికలు 151వ అధికరణ ప్రకారం గవర్నరుకు చేరతాయి, ఆయన వాటిని శాసనసభ ముందు ఉంచేలా చూస్తారు. ఎన్ని రోజుల్లో ఉంచాలన్న గడువు మాత్రం రాజ్యాంగంలో లేదు. ఈ ఖాళీని ప్రభుత్వాలు వాడుకుంటాయి; సమావేశాల ఆఖరి రోజున నివేదికను సభలో పెడితే ఆ సమావేశాల్లో దానిపై చర్చించే వ్యవధి ఎవరికీ ఉండదు.

సభలో పెట్టిన నివేదికను ప్రజా పద్దుల కమిటీ, అంటే పీఏసీ, చేపడుతుంది. బ్రిటన్‌లో గ్లాడ్‌స్టన్ చొరవతో 1861లో మొదలైన ఈ పద్ధతి మన దేశానికి 1921లో వచ్చింది. అప్పట్లో ఆ కమిటీకి ప్రభుత్వ ఆర్థిక సభ్యుడే, అంటే బ్రిటిష్ పాలనలో ఆర్థిక మంత్రి వంటివాడే, అధ్యక్షుడు. అంటే ఖర్చు పెట్టినవారే లెక్కలు అడిగే పీఠంపై కూర్చునేవారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950లో అది స్పీకర్ అధీనంలోని పార్లమెంటరీ కమిటీగా మారింది. 1967లో మీనూ మసానీతో మొదలుపెట్టి ప్రతిపక్ష సభ్యుడినే అధ్యక్షుడిగా నియమించడం పార్లమెంటులో సంప్రదాయంగా వస్తోంది. ఇది చట్టం కాదు, సంప్రదాయమే. పార్లమెంటు పీఏసీలో లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు ఉంటారు. మంత్రులకు అందులో స్థానం లేదు.

నివేదికలోని పేరాలన్నింటినీ, అంటే కాగ్ ఎత్తిచూపిన ఒక్కో అభ్యంతరాన్నీ, విచారించడం కమిటీకి సాధ్యం కాదు కాబట్టి ముఖ్యమైన వాటిని ఎంచుకుంటుంది, సంబంధిత శాఖ కార్యదర్శిని సాక్షిగా పిలుస్తుంది. మంత్రిని పిలవదు. కాగ్ అధికారులు కమిటీ పక్కనే ఉండి సహకరిస్తారు. "డబ్బు తీసుకున్న పనికే ఖర్చు చేశారా? ఎవరి అనుమతితో? వినియోగ ధ్రువపత్రాలు ఏవి?" అన్న ప్రశ్నలకు కార్యదర్శి ఫైలుతో జవాబు చెప్పాలి. ఉద్యోగి కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, పీఏసీ పేరా అన్న మాట వినబడగానే కార్యాలయంలో పాత ఫైళ్ల వేట ఎలా మొదలవుతుందో. ఆ భయమే ఈ కమిటీకి ఉన్న మొదటి బలం. సభలో మంత్రిపై గట్టిగా అరిచే సభ్యులు తలుపులు మూసిన గదిలో పార్టీ తేడాలు మరచి ఒకే ప్రశ్న వేయగలగడం రెండోది.

మంజూరును మించి ఖర్చు చేసిన శాఖ సంగతి ఇంకా తీవ్రమైనది. ఆ అదనపు మొత్తాన్ని పీఏసీ పరిశీలించి సిఫార్సు చేసిన తరువాతే సభ మళ్లీ ఓటు వేసి క్రమబద్ధం చేయాలి. రాష్ట్రాలకు 205వ అధికరణ ఇందుకే ఉంది. కొన్ని రాష్ట్రాల్లో ఇటువంటి అదనపు ఖర్చులు ఏళ్ల తరబడి క్రమబద్ధం కాకుండా పేరుకుపోతున్నాయని కాగ్ పదేపదే ఎత్తిచూపుతోంది. ఇది సాంకేతిక లోపమే కదా అనుకునేవారు బిహార్ దాణా కుంభకోణాన్ని గుర్తు చేసుకోవాలి. అక్కడ పశుసంవర్థక శాఖ పేరుతో దొంగ బిల్లులపై, సభ మంజూరు చేసిన మొత్తాలను మించి ట్రెజరీల నుంచి ఏళ్ల తరబడి డబ్బు తీశారు. చాయిబాసాలో 1996 జనవరిలో జరిగిన తనిఖీతో అది బట్టబయలైంది. మంజూరుకు, డ్రాకు మధ్య ఉన్న తేడాను సకాలంలో ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే అది అంత దూరం వెళ్లేది కాదు.

కమిటీ నివేదిక ఇచ్చాక కూడా కథ ముగియదు. సిఫార్సులపై ఏం చేశారో శాఖ జవాబివ్వాలి. పార్లమెంటు పీఏసీ విషయంలో ఇందుకు గడువు ఆరు నెలలు. ఆ జవాబులను కమిటీ వడపోస్తుంది: ప్రభుత్వం అంగీకరించినవి, జవాబు చూశాక కమిటీయే వదిలేసినవి, జవాబు నచ్చక మళ్లీ పట్టుబట్టేవి, తుది జవాబు రావాల్సినవి. నా లెక్కలో ఒక పీఏసీ పనితనం తెలియాలంటే మూడో కోవను చూడాలి. కమిటీ పదవీకాలం ఏడాదే కావడంతో, సభ్యులు విషయం ఒంటబట్టించుకునేలోపే మారిపోవడం ఇక్కడ పెద్ద ఇబ్బంది.

ప్రశ్న: తప్పు చేసిన అధికారిని పీఏసీ శిక్షించగలదా? (ఒక న్యాయవాది)

శిక్షించలేదు. దాని సిఫార్సులు ప్రభుత్వాన్ని చట్టపరంగా బంధించవు. విధానం మంచిదా చెడ్డదా అన్న జోలికి కూడా అది పోదు. ఎక్కడ, ఎవరి హయాంలో, ఎంత నష్టం జరిగిందో రికార్డుకెక్కిస్తుంది, బాధ్యులపై చర్యకు, సొమ్ము రాబట్టడానికి సిఫార్సు చేస్తుంది. అయితే పిలిచినా రాకపోవడం, కాగితాలు దాచడం సభా హక్కుల ఉల్లంఘన కిందకు రావచ్చు.

ప్రశ్న: ఒక శాఖ ఖర్చు తీరును సామాన్య పౌరుడు ఏ కాగితంలో చూడాలి? (ఒక గృహిణి)

బడ్జెట్ పుస్తకాల కంటే ముందు, ఏటా వెలువడే ద్రవ్య వినిమయ లెక్కలను తెరవండి. సభలో పెట్టిన తరువాత ఇవి కాగ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ప్రతి గ్రాంటు (సభ ఆమోదించిన పద్దు) కింద మొదట మంజూరైన మొత్తం, ఏడాది మధ్యలో అడిగే అనుబంధ పద్దుల ద్వారా కలిసిన మొత్తం, వాస్తవ ఖర్చు, మిగులు లేదా అదనం వరుసగా కనిపిస్తాయి. మిగులు అన్న మాట చూసి పొదుపు చేశారని మురిసిపోనక్కర్లేదు. చాలాసార్లు అది చేయకుండా వదిలేసిన పని. మార్చి 31తో మంజూరు మురిగిపోతుంది కాబట్టి, చివరి నెలలో ఖర్చు ఒక్కసారిగా ఉబ్బిందేమో, డబ్బును వ్యక్తిగత డిపాజిట్ ఖాతాల్లోకి, అంటే పీడీ ఖాతాల్లోకి, మళ్లించి ఖర్చయినట్లు చూపారేమో కూడా గమనించండి.

అన్నింటికంటే తేలికగా పట్టుకోగలిగినది ఇంకొకటి ఉంది. అనుబంధ పద్దు కింద శాఖ తీసుకున్న మొత్తం కంటే సంవత్సరాంతపు మిగులే ఎక్కువగా ఉంటే, మొదటి మంజూరే పూర్తిగా ఖర్చు కాకముందు అదనంగా అడిగారన్నమాట. అటువంటి గ్రాంటు పక్కన "కారణాలు తెలియజేయలేదు" అన్న వాక్యం కనిపిస్తే, ఆ పేజీ సంఖ్య రాసుకుని మీ శాసనసభ్యుడికి పంపండి. నక్షత్ర గుర్తు ప్రశ్నకు కావలసిన సరుకంతా అందులోనే ఉంటుంది.