‘ధర్మానికి’ అంటే ఎవరికి?

ప్రశ్న: సార్, నమస్తే. నాకు 68 ఏండ్లు. అచ్చంపేట దగ్గర ఒక ఊరి సర్కారు బడిలో 22 ఏండ్లు టీచరుగా చేశాను. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో మా వారి పేరున ఉన్న ఇంట్లో ఉంటున్నాను. ఆయన ఆరేండ్ల కింద పోయారు, వీలునామా ఏమీ రాయలేదు. ఇద్దరు కొడుకులు, ఒకడు అమెరికాలో, ఒకడు హైదరాబాద్‌లో. నా రిటైర్‌మెంట్ డబ్బు 18 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. నా తర్వాత అందులో ఐదు లక్షలు ఆ బడి ఆడపిల్లల పుస్తకాలకు, ఫీజులకు పోవాలని కోరిక. మా మరిది ‘ధర్మానికి అని రాయి వదినా, పిల్లలే చూసుకుంటారు’ అంటున్నాడు. రిజిస్టరు చేశాక రేపు నాకే ఆసుపత్రి ఖర్చు వస్తే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక రిటైర్డ్ టీచర్, మహబూబ్‌నగర్

జవాబు: టీచరమ్మా, ముందు మీ టెన్షన్ సంగతి. మీరు వీలునామాను, దానపత్రాన్ని ఒకటే అనుకుంటున్నట్టున్నారు. దానపత్రం రాసి రిజిస్టరు చేసి ఇచ్చేస్తే మళ్లీ మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. వీలునామా మీ కన్ను మూసిన తర్వాతే పనిచేస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బు మీదే, మొత్తం ఆసుపత్రికే పోసినా అడిగేవారు లేరు. రిజిస్టరు చేసిన వీలునామాను కూడా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది.

ఇక మీ మరిదిగారి మాట. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట ముప్ఫై ఏండ్లు దస్తావేజులు రాసినవాణ్ని, ‘ధర్మానికి’ అన్న ఆ ముక్క నా చేత్తో నేనే ఎన్నోసార్లు రాశాను. వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది. కానీ అన్నదానమూ ధర్మమే, చలివేంద్రమూ ధర్మమే, కోతులకు పల్లీలు పెట్టడమూ ధర్మమే. బొంబాయి నుంచి వెళ్లిన ఒక కేసులో, ఉత్త ‘ధరమ్’కు అని రాస్తే అది ఎవరికో, దేనికో తేలదని 1899లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు లండన్‌లోని ఆఖరి కోర్టు) ఆ దానాన్ని కొట్టేసింది. ఈ సంగతి మా వకీలు సారు చెప్పేదాకా నాకూ తెలియదు.

పోనీ ‘మా ఊరి బడికి’ అని రాస్తే సరిపోతుందా అంటే, ఒక కిరాణా దుకాణం పెద్దాయన సంగతి చెబుతాను. నా ముందే నిశానీ వేసి, వేలి సిరాను జుట్టుకు తుడుచుకుంటూ ‘మా ఊరి బడికి రెండు లక్షలు’ అన్నాడు. నేను అట్లాగే రాశాను. ఆయన పోయేనాటికి పిల్లలు లేక ఆ బడి మూతపడింది. కొడుకు డబ్బు పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు, ‘ఇప్పుడు ఎవరికియ్యాలె?’ అని. నేను రాసిన కాగితంలో దానికి జవాబు లేదు. చివరికి ఆ డబ్బు ఏమైందో నేను అడగలేదు. అడిగే మొహం లేదు నాకు.

అందుకే మీ కాగితంలో ఈ మాటలు పడాలి: ‘నా అప్పులు, ఆసుపత్రి, కర్మల ఖర్చులు పోను నా డిపాజిట్లలో మిగిలిన సొమ్ములో పావు వంతు ఫలానా రిజిస్టర్డ్ ట్రస్టుకు చెందాలి. ఆ ట్రస్టు దాన్ని ఫలానా ప్రభుత్వ పాఠశాల ఆడపిల్లల పుస్తకాలకు, ఫీజులకు వాడాలి. అప్పటికి ఆ బడి లేకపోతే అదే మండలంలోని మరో ప్రభుత్వ బడికి వాడాలి. ఆ ట్రస్టే లేకపోతే ఫలానా రెండో సంస్థకు ఇవ్వాలి.’

ఐదు లక్షలు అనకుండా పావు అనడం ఎందుకంటే, మీ వైద్యానికి పన్నెండు లక్షలు అయ్యాయనుకోండి, మిగిలిన ఆరులో ఐదు బడికి పోతే మీ కొడుకుల మొహాలు ఎట్లా ఉంటాయో మీకే తెలుసు. వాటా రాస్తే ఉన్నదాన్ని బట్టి అందరికీ తగ్గుతుంది. నేరుగా బడి పేరున రాస్తే ఎవరు సంతకం పెట్టి తీసుకోవాలి, ఏ ఖాతాలో వేయాలి అన్న పేచీ వస్తుంది. హెడ్మాస్టర్లు బదిలీ మీద పోతూనే ఉంటారు కదా. అయితే ట్రస్టు రిజిస్ట్రేషన్ కాగితం, పాన్ కార్డు, మూడేండ్ల ఆడిట్ లెక్కలు అడిగి చూడండి. చూపించడానికి నసిగితే ఇంకో ట్రస్టును చూసుకోండి.

ఇంకో మాట. మీరు ఉద్యోగంలో చేరినప్పుడు అచ్చంపేట మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి నాగర్‌కర్నూల్. పాత కాగితం చూసి పాత జిల్లా రాసేయకండి. ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే పదకొండు అంకెల గుర్తింపు నంబరు, యూడైస్ నంబరు అంటారు, అది కూడా రాయండి.

ఇంటి జోలికి పోయేముందు జాగ్రత్త. మీ వారు వీలునామా రాయకుండా పోయారు, ఇల్లు ఆయన స్వార్జితం, మీ అత్తగారు అప్పటికే లేరు అనుకుంటే, మీకు వచ్చేది మూడింట ఒక వంతే. మిగతా రెండు వంతులు కొడుకులవి. వీలునామాలో మీరు రాయగలిగింది మీ వంతు గురించే. డిపాజిట్ మీ సొంత కష్టం, దానికి ఆ పేచీ లేదు.

డిపాజిట్‌కు పెద్దబ్బాయిని నామినీగా పెట్టారేమో చూసుకోండి. బ్యాంకు డబ్బు నామినీ చేతికే ఇస్తుంది. అంతమాత్రాన అది అతని సొంతం కాదు, వీలునామా ప్రకారం పంచాల్సిందే. కానీ ఆ సంగతి అతనికి తెలిసి ఉండాలి కదా. ఈ ఆదివారం ఇద్దరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి మీ నోటితో చెప్పండి. మీరు పోయాక నాలాంటివాడు చదివి వినిపిస్తే వాళ్లకు అనుమానం వస్తుంది, మీరు చెబితే రాదు.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి, ఎవరూ దొంగ సంతకం అనకుండా ఉంటుంది. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెడుతుండగా చూసి తామూ పెట్టాలి. వాళ్లు మీకంటే చిన్నవాళ్లయితే మంచిది, ఆస్తి పొందేవాళ్లు కాకపోతే మంచిది. మరిదిగారు వద్దు, ఆయనా మీ ఈడువాడే అయి ఉంటాడు. అమలు చేసే బాధ్యత అమెరికా అబ్బాయికి పెట్టకండి, ఇక్కడుండే మనిషి కావాలి. 22 ఏండ్లలో మీ దగ్గర చదువుకుని పైకొచ్చిన ఆడపిల్ల ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

యూడైస్ నంబరు కోసం ఎక్కడా తిరగక్కర్లేదు. చాలా బళ్లలో బోర్డు మీదే రాసి ఉంటుంది. ఒకసారి బస్సెక్కి వెళ్లి రాసుకురండి, ఆ పిల్లలకు ఇప్పుడు పుస్తకాలు ఉన్నాయో లేవో కూడా చూసి రండి. ఐదు లక్షల్లో ఒక యాభై వేలు మీరుండగానే ఇవ్వాలనిపించినా ఇవ్వొచ్చు, దానికి వీలునామాతో పనే లేదు.