ఎఫ్‌డీ తీసి పీ2పీలో పెట్టాలా? నా 50,000 కథ

అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కోసం దాచిన 2 లక్షల ఎఫ్‌డీ తీసేసి, 20 శాతం వస్తుందంటున్న పీ2పీ యాప్‌లో (బ్యాంకు మధ్యలో లేకుండా మనలాంటివాళ్లే ఆన్‌లైన్‌లో వేరేవాళ్లకు అప్పిచ్చేది) పెట్టమంటారా అని అడిగారు. వద్దండి. ఎందుకో నా లెక్కలతోనే చెబుతాను.

2022లో 50,000తో మొదలుపెట్టాను. మనిషికి 2,000 చొప్పున 25 మందికి, అన్నీ 12 నెలల లోన్లే. మా అమ్మ ఊళ్లో ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేది, అంటే ఏడాదికి 24 శాతం, ఇదీ అలాంటిదేగా, పైగా రిజర్వు బ్యాంకు 2017లోనే రూల్స్ పెట్టింది, డబ్బు యాప్ వాళ్ల చేతికి పోకుండా ఎస్క్రో అనే విడి ఖాతా ద్వారానే వెళ్తుంది కదా అని ధైర్యం.

కానీ అమ్మ దగ్గర తీసుకున్నవాళ్లు అసలు అలాగే ఉంచి వడ్డీ కట్టేవాళ్లు. ఇక్కడ ఈఎంఐ, అసలు కూడా నెలనెలా కొంత తిరిగొచ్చేస్తుంది, మిగిలిన దానికే వడ్డీ. 20 శాతానికి 2,000 ఇస్తే నెలకు 185 చొప్పున ఏడాదికి 2,223 వస్తాయి. వడ్డీ 400 కాదు, 223. తిరిగొచ్చిన అసలును వెంటవెంటనే ఇంకొకరికి ఇస్తూ పోతేనే ఆ 20 శాతం నిలబడుతుంది. నేను ఇవ్వలేదు.

22 మంది కట్టేశారు. ముగ్గురు ఎగ్గొట్టారు, ముగ్గురూ ఎక్కువ వడ్డీకి ఒప్పుకున్నవాళ్లే. ఒకరి ప్రొఫైల్ ఇప్పటికీ గుర్తుంది: ప్రైవేటు ఉద్యోగం, చెల్లి పెళ్లి ఖర్చులకని రాశారు, వడ్డీ 28 శాతం. రెండు ఈఎంఐలు టంచనుగా పడ్డాయి. మూడో నెల మ్యాండేట్ బౌన్స్ అని మెసేజ్, అంటే వాళ్ల ఖాతా నుంచి ఈఎంఐ కట్ కాలేదు. ఆ తర్వాత యాప్ తెరిచినప్పుడల్లా ఆ పేరు పక్కన ఆలస్యమైన రోజుల అంకె 30, 60, 90 అని పెరగడమే. అమ్మ అయితే వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చునేది. నేను యాప్ వాళ్లకు మెయిల్ మీద మెయిల్ పెట్టాను, ఆ టెన్షన్‌తో నిద్ర పట్టని రోజులున్నాయి.

వడ్డీగా వచ్చింది 4,800 చిల్లర, మునిగిన అసలు 4,600 పైనే, యాప్ ఫీజు 500. ఏడాదంతా ఆగినా పెట్టినదానికంటే కాస్త తక్కువే చేతికొచ్చింది. దానిమీద, వచ్చిన వడ్డీకి స్లాబు ప్రకారం పన్ను కట్టాలి, మునిగిన అసలును అందులోంచి తీసేసుకోవడం కుదరదని మా సీఏ చెప్పారు.

ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చన్న స్కీములో మా ఫ్రెండ్ పెట్టాడు. 2024 ఆగస్టులో రిజర్వు బ్యాంకు అలాంటివి కుదరవని గట్టిగా చెప్పేసరికి, అప్పు తీసుకున్నవాళ్లు కట్టినప్పుడే డబ్బు అన్నారు. అతను నెలల తరబడి ఎదురుచూశాడు. నష్టమొస్తే భరించాల్సింది మనమే, యాప్ కాదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న 5 లక్షల బీమా కూడా దీనికి లేదు. మీకు ఫీజు కట్టే తేదీ ముందే తెలుసు, ఆ రోజుకి డబ్బు చేతిలో ఉండాలి కదా.

అయినా చూడాలనిపిస్తే విడిగా ఒక 10,000 పెట్టండి, ఒక్కొక్కరికి 500కి మించకుండా, 28 శాతం జోలికి పోకుండా. ముందు ఆ కంపెనీ పేరు రిజర్వు బ్యాంకు పీ2పీ జాబితాలో ఉందో లేదో చూడండి. మొండి బాకీలు ఎంత శాతమో, ఇచ్చినవాళ్లకు ఎంత నష్టం వచ్చిందో వాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. ఆ పేజీ దొరక్కపోతే డబ్బు పంపకండి.