కోల్డ్ స్టోరేజీలో 1152 డిగ్రీలా? సెన్సర్ తప్పు కాదండీ

సర్వర్‌లో 1152 డిగ్రీలు కనిపిస్తోంది, సెన్సర్ మార్చాలా అని అడిగారు. మార్చకండి, అది బాగానే ఉంది. మీ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉన్నది 4.5 డిగ్రీలే. దాన్ని పదితో గుణించి 45 అని రెండు బైట్లలో పంపుతున్నానన్నారు కదా. రీడింగ్ పంపే మీ ఈఎస్‌పీ32 చిప్ తక్కువ విలువ బైట్‌ని ముందు పెడుతుంది: 2డి, 00 (హెక్స్ లెక్కలో 2డి అంటే 45). మీ సర్వర్‌లోని పైథాన్ కోడ్ ఎక్కువ విలువ బైట్ ముందుందనుకుని చదువుతోంది. అంటే 45ని 256తో గుణించినట్టయి 11520, పదితో భాగిస్తే 1152. అంత వేడికి మిర్చి ఎప్పుడో బూడిదయ్యేది!

పైథాన్‌లో బైట్లని అంకెలుగా మార్చే అన్‌ప్యాక్ ఫార్మాట్‌లో '>' తీసి '<' పెట్టండి, ఇవాళ్టికి గండం గడుస్తుంది.

తర్వాత పరికరం నంబర్ కూడా కలిపి స్ట్రక్ట్‌ని (సీ భాషలో కొన్ని విలువల్ని ఒకే మూటగా కట్టేది) మెమరీలో ఉన్నదున్నట్టు పంపుతానంటున్నారు. ఆ పని మాత్రం వద్దు. ఒక బైట్ నంబర్, రెండు బైట్ల ఉష్ణోగ్రత కలిస్తే మూడు కావాలి, కానీ కంపైలర్ (మీ కోడ్‌ని చిప్ భాషలోకి మార్చేది) మధ్యలో ఖాళీ బైట్ ఇరికించి నాలుగు చేస్తుంది. దానికన్నా సీబార్ (డేటాని తక్కువ బైట్లలో సర్దే ఫార్మాట్) వాడండి, టైనీసీబార్ లైబ్రరీ చాలు. బైట్ల వరుస గొడవ అదే చూసుకుంటుంది, 45కి రెండు బైట్లే పడుతుంది.

అన్నట్టు, పంపేటప్పుడు డేటా పొడవు కోసం స్ట్రలెన్ (సీ భాషలో అక్షరాల వరుస పొడవు లెక్కించే ఫంక్షన్) వాడకండి. సున్నా బైట్ కనబడగానే అక్కడే ఆగిపోతుంది. నేను ఒక రాత్రంతా దీంతోనే తల బాదుకున్నాను.