మండలానికి 32 మి.మీ. వాన, మా చేలో దుమ్ము: ఏది నిజం?

అనంతపురం పక్క పల్లెలో చేను, ఫోన్లో మండలానికి 32 మి.మీ. చూపించింది, చేలో మాత్రం దుమ్ము కూడా అణగలేదు, ఆ లెక్క అబద్ధమా అని ఒక రైతు అడిగారు. అబద్ధం కానక్కర్లేదు. మండలం లెక్కంటే మండలమంతా పడిన వాన కాదు, అక్కడ రెయిన్ గేజ్ (వాన కొలిచే పరికరం) పెట్టిన చోట పడిన నీళ్లు. సెప్టెంబరు, అక్టోబరుల్లో మనకు సాయంత్రం ఉరిమి కురిసే మేఘం కొన్ని కిలోమీటర్ల మేరే ఉంటుంది, గంటలోపే ఖాళీ అవుతుంది. చెరువుకు ఆ గట్టున కాలువలు పారితే ఈ గట్టున ఎండ కాస్తుంది. ఇంకొకటి, తేదీ చూసుకోండి. ఉదయం 8.30కి తీసే లెక్క అంతకుముందు 24 గంటలది, అంటే ఈరోజు తేదీతో కనిపించేది నిన్నటి వాన కావచ్చు.

మీ చేను సంగతి తెలియాలంటే మీ చేలోనే రెయిన్ గేజ్ ఉండాలి. కొననక్కర్లేదు. మూతి లోపలి వ్యాసం 16 సెం.మీ. ఉన్న గరాటు, 5 లీటర్ల క్యాను, మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి చాలు. ఆ మూతి వైశాల్యం సుమారు 200 చదరపు సెం.మీ. కాబట్టి 20 మి.లీ. నీళ్లొస్తే 1 మి.మీ. వాన. వేరే సైజు గరాటైతే మి.లీ.ను మూతి వైశాల్యంతో భాగించి పదితో గుణించండి. కొలత లోపలి అంచుకే తీయాలి. 15 సెం.మీ. గరాటును 16 అనుకుంటే లెక్క 12 శాతం తక్కువొస్తుంది. పైభాగం కోసిన కూల్‌డ్రింక్ సీసాకు స్కేలు అంటించే పద్ధతి నాకు నచ్చదు. అడుగున గుంతలుంటాయి, చిన్న వానకు ఆ లెక్క పనికిరాదు.

గరాటు బయటివైపు జారే నీళ్లు క్యానులోకి పోకుండా అతుకు చుట్టూ ఎంసీల్ పెట్టండి. పూర్తిగా బిగిస్తే మాత్రం లోపలి గాలి బయటికి రాక జోరువానలో గరాటు పొర్లుతుంది. అందుకని క్యాను భుజం కింద, పక్కన, సన్నని బెజ్జం ఒకటి వేయాలి. మూతికి గుడ్డ కట్టొద్దు, అదే కొన్ని నీళ్లు తాగేస్తుంది. ఆకులు పడకుండా గొంతులో ముతక జాలీ ముక్క పెడితే సరి.

క్యానును కొంత భూమిలో పాతి, గరాటు అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తులో, ఒరగకుండా నిలపండి. పక్కన చెట్టుంటే దాని ఎత్తుకు కనీసం రెట్టింపు దూరం కావాలి. మిద్దె మీద పెట్టొద్దు. జూన్, జూలైలో మన దగ్గర వీచే గాలికి చినుకులు గరాటు మీదుగా ఎగిరిపోయి లెక్క తగ్గుతుంది. రోజూ 8.30కే కొలిచి పారబోయండి, లేకుంటే ఎండకు ఆవిరైపోతుంది. 2.5 మి.మీ. గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితేనే వాతావరణ శాఖ దాన్ని వానరోజు అంటుంది.

1 మి.మీ. అంటే ఎకరాకు సుమారు 4,000 లీటర్లు. అయితే 25 మి.మీ. అరగంటలో కుమ్మరిస్తే చాలావరకు వంకకే పోతుంది, అదే రాత్రంతా తుంపరగా పడితే ఎర్రనేలలో అరడుగు దాకా దిగుతుంది. గేజ్‌కి ఆ తేడా తెలియదు. చెనక్కాయ విత్తనం వేసేముందు పారతో తవ్వి పదును ఎంత లోతుందో చూసుకోండి.