గీతలు వచ్చాయి, స్కానర్ మోగలేదు: ఎక్సెల్, వర్డ్‌లలో బార్‌కోడ్ ఫాంటుతో నా తిప్పలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరులో మీకు చీరల దుకాణం ఉంది. ఎక్సెల్‌లో ఒక నిలువు వరుస నిండా చీరల నంబర్లు కొట్టారు. కోడ్ 39 అనే బార్‌కోడ్ ఫాంటు దించుకుని ఆ వరుసకు పెట్టారు. గీతలు చక్కగా వచ్చాయి, ప్రింటు నల్లగా పడింది, స్కానర్ మాత్రం కిక్కురుమనడం లేదు. చెడిపోయింది ఫాంటా, స్కానరా అని అడిగారు.

రెండూ బాగానే ఉండి ఉంటాయి. మీరు నంబరుకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెట్టి ఉండరు. పక్క వరుసలో ="*"&ఏ2&"*" అని సూత్రం రాసి, దాన్ని కిందికి లాగి, ఫాంటు ఆ వరుసకు పెట్టండి. ఇక్కడ ఏ అన్నది తెలుగులో రాశాను, మీరు ఇంగ్లీషు అక్షరమే కొట్టాలి. నూటికి తొంభై పాళ్లు మీ సమస్య ఇక్కడే తీరిపోతుంది. మిగతా పది పాళ్ల కోసమే ఈ పెద్ద జవాబు, ఎందుకంటే నన్ను ఏడిపించింది ఆ పదే.

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి లారీలు, ట్రాక్టర్ల విడిభాగాల దుకాణం ఉంది. అక్కడ బిల్లులు, సరుకు లెక్కలు చూసేది నేను. 2024 డిసెంబరు ముందు సరుకంతటికీ బార్‌కోడ్ అంటిద్దామని మొదలుపెట్టాను. ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఎందుకు, ఎక్సెల్ ఉందిగా అన్నది నేనే. ఆ మాట బాబాయి ఇప్పటికీ మరిచిపోలేదు.

మొదట ఫాంటు చేసే పని ఎంతో తెలుసుకోవాలి. ఫాంటు అంటే బొమ్మల పెట్టె. మీరు 5 నొక్కితే 5 అనే ఆకారానికి బదులు, 5కు కేటాయించిన గీతల ఆకారాన్ని వేస్తుంది, అంతే. కోడ్ 39 అన్నది ఒక రకం బార్‌కోడ్, దాన్ని 1974లో ఇంటర్‌మెక్ సంస్థలో డేవిడ్ అల్లైస్, రే స్టీవెన్స్ తయారు చేశారు. అందులో ఒక్కో అక్షరానికి ఐదు నల్ల గీతలు, నాలుగు తెల్ల ఖాళీలు. ఈ తొమ్మిదిలో మూడు వెడల్పుగా ఉంటాయి. నక్షత్రం ఆకారం మాత్రం సరుకు పేరులో భాగం కాదు, మొదలు ఇక్కడ, చివర ఇక్కడ అని స్కానర్‌కు చెప్పే గుర్తు. దాన్ని కుడి నుంచి చదివినా ఎడమ నుంచి చదివినా ఒకేలా ఉండదు కాబట్టి, లేబుల్ తలకిందులుగా ఉంటే ఆ సంగతి కూడా స్కానర్‌కు దాని వల్లే తెలుస్తుంది. నక్షత్రాలు లేని గీతలు స్కానర్ కంటికి గోడ మీద పడిన కిటికీ ఊచల నీడతో సమానం.

ఇంకో సంగతి. కోడ్ 39కు తెలిసినవి పది అంకెలు, ఇరవై ఆరు ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఏడు గుర్తులు (ఖాళీ, చుక్క, అడ్డగీత వంటివి). మొత్తం 43. చిన్నక్షరాలు అందులో లేవు. కొన్ని ఫాంట్లు చిన్నక్షరం కొట్టినా పెద్దక్షరం గీతలే వేస్తాయి, కొన్ని ఏమీ వేయవు. అందుకని సూత్రంలో అప్పర్ అనే ఫంక్షన్ కూడా చేర్చుకుంటే నిశ్చింత. తెలుగు అక్షరాలు ఎలాగూ పట్టవు. చీర పేరు తెలుగులో కావాలంటే గీతల పైన మామూలు ఫాంటులో వేసుకోండి.

ఇక నా మొదటి ఘనకార్యం. మా దుకాణంలో అరలకు 1-12, 3-7 అని నంబర్లు. మొదటి అంకె బీరువాది, రెండోది అరది. ఎక్సెల్‌లో 1-12 అని కొట్టగానే అది డిసెంబరు ఒకటో తేదీ అనుకుంది. కంటికి తేదీ కనబడుతూనే ఉంది, కానీ పక్క వరుసలో బార్‌కోడ్ వచ్చేసింది కదా అని నేను పట్టించుకోలేదు. స్కానర్ పెడితే మోగింది కూడా. తెర మీద 45627 అని వచ్చింది. ఆ అంకె ఎక్కడిదో తెలియక అరగంట తల పట్టుకున్నాను. ఎక్సెల్ తేదీలను 1900 జనవరి 1 నుంచి రోజుల లెక్కగా దాచుకుంటుంది. 2024 డిసెంబరు 1 ఆ లెక్కలో 45627వ రోజు. సూత్రం తేదీని కాక ఆ లోపలి అంకెను తీసుకుని గీతలు వేసింది. మా బాబాయి అన్నది: "ఏరా, అర నంబరు అడిగితే పంచాంగం చెబుతుందేమిటి?"

కాబట్టి నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను ఎంచుకుని, సెల్ ఫార్మాట్‌లో టెక్స్ట్ అని పెట్టండి. కొట్టాక మార్చితే ప్రయోజనం లేదు, అప్పటికే అది తేదీగా మారిపోయి ఉంటుంది. మీ చీరల నంబర్లు 00417 లాంటివైతే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఎక్సెల్ ముందున్న సున్నాలను మింగేసి 417 చేస్తుంది. అప్పుడు స్కానర్ నిక్షేపంగా మోగుతుంది, బిల్లులో వేరే చీర పడుతుంది. అలాగే 13 అంకెల నంబరు కొడితే మామూలు సెల్‌లో అది పదకొండు అంకెలు దాటింది కనుక కుదించిన రూపంలో కనబడుతుంది. 15 అంకెలు దాటితే ఇంకా అన్యాయం, పదహారో అంకె నుంచి సున్నాలు చేసి కూర్చోబెడుతుంది. టెక్స్ట్ అని ముందే పెడితే ఇవేవీ ఉండవు.

రెండోది వర్డ్‌లో జరిగింది. బీరువాల పేర్లు పదో పదిహేనో కదా, దానికి ఎక్సెల్ ఎందుకని వర్డ్‌లో చేత్తోనే నక్షత్రం, పేరు, నక్షత్రం కొట్టాను. గీతలు వచ్చాయి, కాస్త లావుగా వచ్చాయి. లావు మంచిదేలే, దూరం నుంచి కూడా చదువుతుందని మురిసిపోయాను. ఒక్కటీ చదవలేదు. ఫాంటు మామూలుదిగా మార్చి చూస్తే నక్షత్రాలు లేవు! రెండు నక్షత్రాల మధ్య ఏదైనా కొడితే, దాన్ని బోల్డ్ చేయమన్నారని వర్డ్ అర్థం చేసుకుంటుంది. నక్షత్రాలు తీసేసి, మధ్య మాటను బోల్డ్ చేస్తుంది. గీతలు లావెక్కింది అందుకు. ఆప్షన్లలో ప్రూఫింగ్, అందులో ఆటోకరెక్ట్ ఆప్షన్లు, అందులో టైపు చేస్తుండగా ఫార్మాట్ చేసే పేజీ ఉంటుంది. అక్కడ నక్షత్రాల బోల్డ్ దగ్గర టిక్కు తీసేయండి. బార్‌కోడ్ ఫాంటుకు బోల్డ్, ఇటాలిక్ ఎప్పుడూ పెట్టకూడదని కూడా అప్పుడే నేర్చుకున్నాను. గీత వెడల్పులోనే ప్రాణమంతా ఉంది.

మూడోది గవర్నరుపేటలో ఒక డీటీపీ కేంద్రంలో. స్టిక్కర్ షీట్లు అక్కడ ప్రింటు తీయిద్దామని ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాను. ఏ4 షీటుకు 65 స్టిక్కర్లు, నాలుగు షీట్లు. ప్రింటయ్యాక చూస్తే గీతల్లేవు, 260 స్టిక్కర్ల మీదా నక్షత్రం, నంబరు, నక్షత్రం. వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు, అది తనకు తోచిన ఫాంటు వేసుకుంది. తప్పు వాళ్లది కాదు కాబట్టి డబ్బులిచ్చి వచ్చాను. ఫైలును పీడీఎఫ్ చేసి తీసుకెళ్తే ఫాంటు అందులోనే కూర్చుంటుంది. ప్రింటు తీసేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అన్న దాన్ని ఎంచుకోవద్దనీ, నూరు శాతం సైజులోనే తీయమనీ చెప్పండి. లేకపోతే గీతలన్నీ కుదించుకుపోతాయి.

ఫాంటు విషయానికొస్తే, గూగుల్ ఫాంట్స్‌లో దొరికే లిబ్రె బార్‌కోడ్ 39 ఉచితం, వ్యాపారానికి వాడుకున్నా అడిగేవారు లేరు. పేరు చివర టెక్స్ట్ అని ఉన్న రకంలో గీతల కింద నంబరు కూడా పడుతుంది. అదే తీసుకోండి. లేబుల్ చిరిగినప్పుడు నంబరు చేత్తో కొట్టుకోవచ్చు.

"కోడ్ 128 మంచిదట కదా" అని మీరు చివర్లో అడిగారు. మంచిదే. అది ఇంకో రకం బార్‌కోడ్, 1981లో వచ్చింది, చిన్నక్షరాలు కూడా పడతాయి, చోటు తక్కువ పడుతుంది. 8 అంకెల నంబరుకు కోడ్ 39లో అతి సన్నని గీత వెడల్పుకు సుమారు 130 నుంచి 160 రెట్ల పొడవు కావాలి. కోడ్ 128లో రెండేసి అంకెలను కలిపి ఒకే ఆకారంలో ఇమిడ్చే పద్ధతి ఉంది, దానితో 79 రెట్లు చాలు. కానీ నక్షత్రాలు అంటించి చేతులు దులుపుకోవడానికి అక్కడ వీల్లేదు. చివర్లో ఒక తనిఖీ అక్షరం ఉండాలి, అది లెక్క కట్టి తెచ్చుకోవాలి. ఫాంటుకు లెక్కలు రావు. కోడ్ 128 ఫాంటు పెట్టినా చదవడం లేదని అడిగే వాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు, విజయవాడ పిన్‌కోడ్ ముందుండే 520తోనే చేసి చూపిస్తాను. కోడ్ 128లో ఒక్కో అక్షరానికి ఒక విలువ ఇచ్చే పట్టిక ఉంటుంది. అక్షరాలను ఒక్కొక్కటిగా రాసే బి పద్ధతిలో ప్రారంభ గుర్తు విలువ 104. ఆ పట్టికలో 5 విలువ 21, 2 విలువ 18, 0 విలువ 16. వీటిని వాటి స్థానంతో హెచ్చించాలి: 21×1, 18×2, 16×3. అంటే 21, 36, 48. అన్నీ 104కు కలిపితే 209. దాన్ని 103తో భాగిస్తే శేషం 3. పట్టికలో 3 విలువ ఉన్నది # గుర్తు. కాబట్టి ప్రారంభ గుర్తు, 520, #, ముగింపు గుర్తు, ఈ వరుసలో పెడితేనే స్కానర్ ఒప్పుకుంటుంది. లిబ్రె బార్‌కోడ్ 128లో ప్రారంభ గుర్తు 204వ అక్షరం, ముగింపు 206వది. ఎక్సెల్‌లో యూనిచార్ ఫంక్షన్‌తో తెచ్చుకోవచ్చు. ఫాంటు మారితే ఈ స్థానాలు మారవచ్చు కనుక, ఒక ఫాంటుకు రాసిన సూత్రాన్ని ఇంకో ఫాంటుకు వాడకండి. నేను వాడి, ఒక ఆదివారం పోగొట్టుకున్నాను.

మీ చీరల నంబర్లు ఐదారు అంకెలే అయితే ఇదంతా అనవసరం, కోడ్ 39 చాలు. పది పన్నెండు అక్షరాలు దాటితేనే 128 గురించి ఆలోచించండి. అప్పుడు కూడా నా సలహా ఫాంటు కాదు. వర్డ్ 2013 నుంచి డిస్‌ప్లేబార్‌కోడ్ అనే ఫీల్డు ఉంది. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కి, వచ్చిన మీసాల బ్రాకెట్లలో ఆ పేరు, నంబరు, బార్‌కోడ్ రకం కొడితే తనిఖీ అక్షరం లెక్క అదే చూసుకుంటుంది. మెయిల్ మెర్జ్‌తో ఎక్సెల్ నుంచి వందల లేబుళ్లు తీయడానికి మెర్జ్‌బార్‌కోడ్ అనే ఇంకో ఫీల్డు ఉంది. ఇది ముందే తెలిసి ఉంటే నేను ఆ సూత్రం జోలికే పోయేవాణ్ని కాదు.

సూపర్‌మార్కెట్లో సరుకుల మీద ఉండే 13 అంకెల బార్‌కోడ్ మాత్రం వేరే జాతి. అందులో మొదటి అంకెకు గీతలే ఉండవు, ఎడమవైపు ఆరంకెలను ఏ ఏ తీరుల్లో గీశారన్నదాన్ని బట్టి అది బయటపడుతుంది. ఒట్టి ఫాంటుతో అయ్యే పని కాదు. పైగా 890తో మొదలయ్యే నంబర్లను సొంతంగా కల్పించుకోకూడదు, అవి ఆ నంబర్లు కేటాయించే జీఎస్1 ఇండియా అనే సంస్థ దగ్గర తీసుకోవాలి. (890 ఉంటే భారతదేశంలో తయారైందని అర్థం కాదు, నంబరు ఇక్కడ ఇచ్చారని మాత్రమే.) మీ కౌంటర్ దాటని లేబుళ్లకు ఈ గొడవ లేదు, మీ నంబర్లు మీ ఇష్టం.

పరీక్షించడం గురించి. యూఎస్‌బీ స్కానర్ మామూలుగా కంప్యూటర్‌కు ఒక కీబోర్డే. చదివింది టైపు చేసి, చివర ఎంటర్ నొక్కుతుంది. కాబట్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరవకముందు నోట్‌ప్యాడ్ తెరిచి స్కాన్ చేయండి. నక్షత్రాలు లేకుండా మీ నంబరు ఒక్కటే రావాలి. మా దగ్గర ఊళ్ల నుంచి వచ్చే రైతుల పేర్లు తెలుగులో కొట్టే అలవాటుంది. ఒకరోజు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మార్చడం మరిచిపోయి స్కాన్ చేస్తే, కె అన్న ఇంగ్లీషు అక్షరానికి ఖ వచ్చింది. స్కానర్‌కు తెలుగు వచ్చేసిందని కుర్రాళ్లు ఒకటే నవ్వు. ఎప్పుడైనా అర్థంకాని అక్షరాలు వస్తే స్కానర్‌ను అనుమానించకముందు కీబోర్డు భాష, క్యాప్స్ లాక్ చూడండి.

గీతలకు రెండు పక్కలా తెల్లని ఖాళీ వదలాలి, సన్నగీతకు కనీసం పది రెట్లు. స్టిక్కర్ అంచు దాకా గీతలు సాగదీయకండి. నలుపు గీతలు, తెల్ల కాగితం. మీ దుకాణం రంగు ఎరుపు కదా అని ఎరుపు గీతలు వేశారో, ఎర్రని కాంతి వాడే స్కానర్‌కు అవి అసలు కనబడవు. చిన్న లేబుల్ ప్రింటర్ కొంటే, 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) రకం మిల్లీమీటరుకు 8 చుక్కలు వేస్తుంది. ఫాంటు సైజు వల్ల సన్నగీత రెండున్నర చుక్కలు అయిందనుకోండి, అర చుక్క వేయలేదు కాబట్టి ఒకచోట రెండు, ఒకచోట మూడు వేస్తుంది. సన్నగీతకూ లావుగీతకూ తేడా చెదిరిపోతుంది. అలాంటప్పుడు సైజు రెండు మూడు పాయింట్లు పెంచో తగ్గించో చూడండి, ఎక్కడో ఒకచోట కుదురుతుంది. రిబ్బన్ లేకుండా వేడితోనే అచ్చు పడే థర్మల్ కాగితం మా గ్రీజు చేతులకు నాలుగు నెలల్లో వెలిసిపోయింది. మీకు గ్రీజు లేకపోయినా, చీర కవర్ల ప్లాస్టిక్ తగులుతూ ఉంటే అదే గతి పట్టవచ్చు. ఎక్కువ కాలం నిలవ ఉండే సరుకుకు రిబ్బన్ రకమే మేలు.

చీర మీద స్టిక్కర్ నేరుగా అంటించకండి, జిగురు మరక పడితే ఆ చీర ఇక మీదే. అట్ట ట్యాగు మీద అంటించి, దారంతో కట్టండి. కవరు లోపల ఉంచి పైనుంచి స్కాన్ చేస్తే ప్లాస్టిక్ మెరుపుకు ఒక్కోసారి చదవదు, స్కానర్‌ను కొంచెం వాలుగా పట్టుకోండి. ముందు ఐదు చీరలకు చేసి, ఒకరోజు అమ్మి చూడండి. ఆ సూత్రం వేశాక కూడా మోగకపోతే, ఏ ఫాంటు, ఏ సైజు, ఏ ప్రింటరో ఇక్కడే రాయండి, చూస్తాను.