ఫిలిప్పీన్స్ వాళ్లకు సొంత సంగీతం లేదా? ముందు వాళ్ల స్వరకర్తలను వినండి

"ఫిలిప్పీన్స్ వాళ్లు బాగా పాడతారు, కానీ అన్నీ ఇంగ్లీష్ పాటలే కదా. చెప్పుకోదగ్గ సొంత స్వరకర్తలు ఉన్నారా? ఉంటే ఎవరితో మొదలుపెట్టాలి?" అని అడిగారు.

ఉన్నారు, చాలా పెద్దవాళ్లే ఉన్నారు. నేను మెడిసిన్ చదివింది ఫిలిప్పీన్స్ దక్షిణాన ఉన్న దవావ్‌ ఊళ్లో. అక్కడ మన తెలుగు పిల్లలు ఎంతమంది చదువుతున్నారో మీకు తెలిసే ఉంటుంది. మాకు రోజూ వినపడేది 'వీడియోకే', అంటే తెర మీద మాటలు చూస్తూ మైకులో పాడే కరోకే. పక్కింట్లో, సందు చివరి కొట్టు దగ్గర, పుట్టినరోజుల్లో, ఎక్కడ చూసినా అదే. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం ఆపేయాలని ఆ ఊళ్లో రూలు. అక్కడ ఎక్కువగా అమెరికన్ పాటలే పాడతారు కాబట్టి మీకున్న అభిప్రాయమే మాలో చాలామందికి చదువయ్యేదాకా ఉండిపోయింది. నా విషయంలో అది మారడానికి కారణం మా ఇంటి ఓనరమ్మ.

ఆవిడను అందరం టీటా (అత్తా, పిన్నీ లాంటి పిలుపు) అనేవాళ్లం. మైకు పట్టుకుంటే ఇంగ్లీష్ పాటలు పాడేది. బట్టలు మడతపెట్టేటప్పుడు మాత్రం కూనిరాగాలు వేరు. అందులో ఒకటి 'సా ఉగోయ్ నాంగ్ దుయాన్'. పెద్దవాడైన మనిషి అమ్మ ఊపిన ఉయ్యాలను మళ్లీ కోరుకునే పాట. స్వరం లూసియో సాన్ పెద్రోది, మాటలు లెవి సెలెరియోవి. ఇద్దరినీ ఆ దేశం 'నేషనల్ ఆర్టిస్ట్' బిరుదుతో గౌరవించింది. వాళ్లమ్మ పాడిన జోలపాటే సాన్ పెద్రో స్వరానికి ఆధారమంటారు. ఎవరు రాశారో తెలియని జానపదం అనుకునేంతగా అది ఇళ్లలో కలిసిపోయింది.

టీటా పాడిన మిగతా పాటల్లో కుండిమాన్‌లు ఎక్కువ. ఇవి మూడు మాత్రల నడకలో సాగే ప్రేమగీతాలు. మైనర్ స్కేల్‌లో దిగులుగా మొదలై సగంలో మేజర్‌లోకి మారతాయి. కర్ణాటక సంగీతం తెలిసిన చెవికి కీరవాణి ఛాయలో మొదలైన పాట షడ్జం మారకుండానే శంకరాభరణంలోకి వెళ్లినట్టుంటుంది. ఆ మలుపు దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పాత ప్రేమపాటను కచేరీ వేదికకు తగ్గ గీతంగా తీర్చినవాళ్లు ఫ్రాన్సిస్కో శాంతియాగో, నికనోర్ అబెలార్దో. అబెలార్దో 1934లో, నలభై ఒకటో ఏట చనిపోయాడు. 'నసాన్ కా ఇరోగ్', 'ముత్యా నాంగ్ పాసిగ్' వింటే అంత తక్కువ కాలంలో ఆయన ఎంత దూరం వెళ్లాడో తెలుస్తుంది.

ఇక మీరు తప్పక తెలుసుకోవాల్సిన పేరు హోసే మసేదా (1917–2004). పియానో విద్వాంసుడు, పారిస్‌లో పేరున్న పియానిస్టు ఆల్‌ఫ్రెడ్ కోర్టో దగ్గర నేర్చుకున్నాడు. యూరప్ సంగీతం వాయిస్తుండగా, దీనికీ మా కొబ్బరికీ వరికీ ఏం సంబంధం అన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. దాంతో ఊళ్లు పట్టుకుని తిరిగాడు. దవావ్ ఉన్న మిండనావ్ దీవిలోని మగిందనావ్ అనే తెగవాళ్ల కులింతాంగ్ సంగీతం మీద 1963లో కాలిఫోర్నియాలో డాక్టరేట్ చేశాడు.

కులింతాంగ్ అంటే వరసగా పేర్చిన ఎనిమిది చిన్న కంచు గంటలు (గాంగ్‌లు). రెండు కర్రలతో వాయిస్తారు, పక్కన అగుంగ్ అనే పెద్ద గంట ఉంటుంది. ఆగస్టులో దవావ్‌లో జరిగే కదయావన్ ఉత్సవాల్లో దగ్గరగా నిలబడి విన్నాను. ఒక బృందం గంటల శ్రుతి ఇంకో బృందానికి కలవదు, కలవాలని ఎవరూ అనుకోరు కూడా. హార్మోనియం శ్రుతికి అలవాటుపడ్డ నా చెవికి మొదట ఇబ్బందిగానే ఉంది. కాసేపటికి శ్రుతిని వదిలేసి దరువును పట్టుకున్నాను. అక్కడి నుంచి మసేదా అర్థమవడం మొదలైంది.

ఆయన ఆ బాణీలు తీసుకుని ఆర్కెస్ట్రాకు రాయలేదు. అందరూ కలిసి చేసే పద్ధతిని తీసుకున్నాడు. కోలాటంలో ఒక్క జత కర్రల చప్పుడు విని లాభం లేదు, చుట్టూ తిరిగేవాళ్లందరివీ కలిస్తేనే దరువు. మసేదా రచనలూ అంతే. 1971లో మనీలాలోని కల్చరల్ సెంటర్ లాబీలో వంద మంది చేతుల్లో వంద క్యాసెట్ రికార్డర్లు పెట్టి నడిపించాడు. అదే 'క్యాసెట్స్ 100'. 1974 జనవరి 1న 'ఉగ్నాయన్' కోసం 20 వేర్వేరు ట్రాకులు రికార్డు చేసి మనీలా రేడియో స్టేషన్ల నుంచి ఒకేసారి ప్రసారం చేయించాడు. జనం ట్రాన్సిస్టర్లు పట్టుకుని పార్కులకు వస్తే ఆ రేడియోలన్నీ కలిసి ఒక రచన అవుతాయి. సంగీతం తెలిసినవాడికీ తెలియనివాడికీ అందులో తేడా లేదు.

అప్పుడు అధ్యక్షుడు మార్కోస్ పెట్టిన మార్షల్ లా (సైనిక పాలన) నడుస్తోంది. ఉగ్నాయన్‌కు ఆయన భార్య ఇమెల్డా మార్కోస్ అండ ఉంది. ఆ సంగతి వదిలేసి మసేదాను పొగడటం నాకు ఇష్టం లేదు. అదే కాలంలో 'బయాన్ కో' పాటను బహిరంగంగా పాడటం నిషిద్ధం. కాన్‌స్టాన్సియో దె గుస్మాన్ స్వరపరిచిన పాత దేశభక్తి గీతం అది. 1986లో మనీలాలోని ఎడ్సా రోడ్డు మీద లక్షల మంది దాన్నే పాడుతూ మార్కోస్‌ను దించారు. రెండూ తెలిస్తేనే ఆ కాలపు సంగీతం తెలిసినట్టు.

సినిమా, రేడియో పాటల వైపు వస్తే ర్యాన్ కయాబ్యాబ్. 1978లో మొదటి మెట్రోపాప్ పోటీలో గెలిచిన 'కాయ్ గండా నాంగ్ ఆటింగ్ మూసికా' ఆయనదే. మన సంగీతం ఎంత అందమైనదో అని చెప్పే పాట. ఫ్రెడ్డీ ఆగిలార్ 'అనక్' కూడా ఆ పోటీలో ఫైనల్స్‌కు వచ్చిందే. గెలవలేదు గానీ దేశాలు దాటిపోయింది. కయాబ్యాబ్ 1981లో 'వన్' అనే ఆల్బమ్‌లో అన్ని గొంతులూ తానే పాడి కలిపాడు, వాయిద్యాలే లేవు. నాకు ఆయన పనిలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. గంటకు కనీసం నాలుగు సొంత పాటలు వేయాలని 1987లో రేడియోలకు ప్రభుత్వం ఆదేశం ఇచ్చింది. స్వరకర్తలకు అలాంటి ఊతం కూడా కావాలి. తర్వాతి తరంలో యూనివర్సిటీ ఆఫ్ ద ఫిలిప్పీన్స్ (దిలిమాన్) విద్యార్థులు పెట్టిన ఇరేజర్‌హెడ్స్, ఇప్పటి బెన్ అండ్ బెన్, ఎస్‌బీ19 బృందాలను మీరే వెతుక్కోగలరు.

ఎవరితో మొదలుపెట్టాలి అంటే, ముందు అబెలార్దో కుండిమాన్ ఒకటి, తర్వాత కయాబ్యాబ్ 'వన్' వినండి. చెవి కుదురుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉగ్నాయన్ మొత్తం వినండి. మధ్యలో ఆపొద్దు, అది నిదానంగా పట్టుకుంటుంది. దవావ్, సెబూ వైపు వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎవరైనా చదువుతుంటే ఒక మాట. అక్కడ ఇంట్లో మాట్లాడేది బిసాయా భాష; మనీలా వైపు మాట్లాడే టాగలోగ్ కాదు. బిసాయాలో పాటలు రాసేవాళ్ల పోటీ 'విస్‌పాప్' సెబూలో 2013లో మొదలైంది. మీ ఇంటి ఓనరమ్మను ఆ పాటలు పెట్టమనండి, మాటలకు అర్థం కూడా ఆవిడే చెప్తుంది.